మాట – మర్మం: 'ఓన్లీ'కి ఉన్న హద్దు

ఇంగ్లీషు నుండి మన ఇళ్లలోకి వచ్చి స్థిరపడిన క్రియావిశేషణాలలో 'ఓన్లీ'ని మించినది లేదు. 'ఆల్రెడీ', 'యాక్చువల్లీ' వంటివి దాని తర్వాతనే. బడి ముఖం చూడని అమ్మమ్మ సైతం బస్సులో సీటు మీద కూర్చున్న కుర్రవాడిని లేపుతూ "ఇది లేడీస్ ఓన్లీ బేటా" అంటుంది. ఈ నెల ఆ పదాన్ని గురించి రాయాలని మేము నిశ్చయించుకోవడానికి కారణం దేవరకొండ ప్రాంతం నుండి ఒక సోదరి పంపిన ఉత్తరం. ఆమె కుమార్తె డిగ్రీ పూర్తి చేసి ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళింది. "మీరు హైదరాబాదు వారా?" అని ఇంగ్లీషులో అడిగారట. "నో సర్, ఐ యామ్ ఫ్రమ్ దేవరకొండ ఓన్లీ" అని ఆ అమ్మాయి సమాధానం చెప్పింది. బల్లకు అవతల కూర్చున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఉద్యోగం రాకపోవడం కన్నా ఆ నవ్వే ఆమెను ఎక్కువగా బాధించింది. అప్పటి నుండి ఇంగ్లీషులో నోరు విప్పడం లేదు. "మా బిడ్డ చేసిన తప్పేమిటి? అది తప్పేనా?" అని ఆ తల్లి అడుగుతున్నారు.

ప్రశ్న న్యాయమైనది. దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పించుకోలేము. ఆ అమ్మాయి వాడిన 'ఓన్లీ' ఎక్కడి నుండి వచ్చిందో ముందుగా చూడాలి.

ఆమె మనసులో ఉన్న వాక్యం "నేను దేవరకొండ నుండే" అన్నది. లేదా ఇంట్లో మాట్లాడే దక్కనీలో "మైం దేవర్‌కొండా కీచ్ హూఁ" అన్నది. తెలుగులో చివర చేరిన 'ఏ', దక్కనీలో చేరిన 'చ్', రెండూ ఒకే పని చేస్తాయి. తెలుగు వ్యాకరణంలో ఈ ఏకారాన్ని అవధారణార్థకం అంటారు; చెప్పే విషయాన్ని 'ఇదే' అని నిర్ధారించేది అని అర్థం. సంస్కృతంలో 'ఏవ' చేసే పని ఇదే. దక్కనీ 'చ్' లేక 'ఇచ్' మరాఠీ నుండి వచ్చిందని భాషా పండితులు చెబుతారు. ఉత్తరాది ఉర్దూలో దానికి బదులు 'హీ' ఉంటుంది. అందుకే లక్నో వారు "యహీఁ హూఁ" అన్న చోట మన పిల్లలు "ఇధరిచ్ హూఁ అమ్మీ" అంటారు. కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణపేట, మక్తల్ వైపు వెళితే కన్నడం కూడా చెవిన పడుతుంది. అక్కడ "ఇల్లే ఇద్దీని" అంటారు. ఆ ఊళ్లలో ఒకే వీధిలో "ఈడనే ఉన్న", "ఇధరిచ్ హూఁ", "ఇల్లే ఇద్దీని" అనే మూడు వాక్యాలు వినవచ్చు. మూడింటిలోనూ స్థలం పేరు ముందు, దాన్ని నొక్కి చెప్పే చిన్న తోక వెనుక. ఇన్ని వైపుల నుండి ఇదే అలవాటు ఉన్న నాలుకకు ఇంగ్లీషు చేతికి అందగానే "ఐ యామ్ హియర్ ఓన్లీ" అని రావడంలో ఆశ్చర్యమేముంది? తమిళులూ, కన్నడిగులూ, హిందీ వారూ, మరాఠీ వారూ అందరూ ఈ వాక్యమే పలుకుతారు. దేశమంతటా ఇంత వ్యాప్తి పొందినందున భారతీయ ఇంగ్లీషును వర్ణించిన పరిశోధకులు దీనిని ఆ భాష లక్షణాలలో ఒకటిగా గుర్తించారు.

కనుక ఆ అమ్మాయి పలికినది చదువు రానితనం కాదు. తన మాతృభాష వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అయితే ఆ వ్యాకరణాన్ని మరొక భాష మీద మోపింది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి చెవికి ఆ వాక్యం "నేను వట్టి దేవరకొండ మనిషిని, అంతకు మించి ఏమీ కాను" అన్నట్లు వినిపిస్తుంది. ఆమె గర్వంగా చెప్పిన ఊరి పేరు వారి చెవిలో క్షమాపణగా మారిపోయింది. నవ్వినవారు కూడా బహుశా తమ ఇళ్లలో ఇలాగే మాట్లాడతారు. అది వేరే విషయం.

ఇంతకూ తేడా ఎక్కడుంది? మన 'ఏ' రెండు పనులు చేస్తుంది. ఒకటి వేలు పెట్టి చూపడం. "నిన్న వచ్చింది ఈయనే" అన్నప్పుడు పదిమందిలో ఒకరిని గుర్తు పట్టి చూపుతున్నాము. రెండవది కంచె వేయడం. "పొద్దుటి నుండి నీళ్లే తాగాను" అన్నప్పుడు నీళ్లు కాక మరేదీ తాగలేదని హద్దు గీస్తున్నాము. తెలుగువారికి సందర్భాన్ని బట్టి ఏది చూపుడు వేలో, ఏది కంచెనో ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషు 'ఓన్లీ' ప్రధానంగా కంచె పనే చేస్తుంది. చూపుడు వేలు పనికి ఆ భాషలో వేరే మాటలున్నాయి. "ఇక్కడే ఉన్నాను" అనడానికి "ఐ యామ్ రైట్ హియర్". "ఆ రోజే" అనడానికి "దట్ వెరీ డే". "ఇప్పుడే" అనడానికి "జస్ట్ నౌ". "నేనే చేశాను" అనడానికి "ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్" అనవచ్చు, లేదా "ఇట్ వాజ్ ఐ హూ డిడ్ ఇట్" అనవచ్చు. చాలా చోట్ల ఏ మాటా అవసరం లేదు, గొంతు కాస్త పెంచి ఆ పదాన్ని ఒత్తి పలికితే చాలు. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి "నో సర్, ఐ యామ్ ఫ్రమ్ దేవరకొండ" అని ఊరి పేరును కాస్త నొక్కి పలికి ఊరుకుంటే ఆమె చెప్పదలచినదంతా చెప్పినట్లే. 'ఏ'కు బదులుగా ఏదో ఒక పదం పెట్టి తీరాలన్న తొందరలోనే చిక్కు వచ్చింది.

ఒక్క చోట మాత్రం రెండు భాషలూ చేతులు కలుపుతాయి. "నిన్ననే వచ్చాను" అన్న దానికి "ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే" చక్కగా సరిపోతుంది. అంతకు ముందు రాలేదు అనే హద్దు అక్కడ ఉంది గనుక. మాట స్థానం చూడండి: 'ఓన్లీ' కాలానికి ముందు వచ్చింది. మనం వేసే కంచె పదానికి వెనుక ఉంటుంది, ఇంగ్లీషువారు వాక్యంలో వేసే కంచె సాధారణంగా పదానికి ముందు ఉంటుంది. "యెస్టర్‌డే ఓన్లీ ఐ కేమ్" అన్న వాక్యం మన వరుసలో నడుస్తోంది.

మరి మన పెద్దలకు 'ఓన్లీ'ని చివర పెట్టే అలవాటు ఎలా వచ్చింది? మాతృభాష ప్రభావం సగం కారణం. మిగతా సగం, బహుశా, మనం ఆ పదాన్ని మొదట చూసిన చోట్లు. బస్సులో 'లేడీస్ ఓన్లీ'. చెక్కు మీద 'అకౌంట్ పేయీ ఓన్లీ'. మందు సీసా మీద 'ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ'. ప్రకటనలలో, పత్రాలలో ఇంగ్లీషు కూడా ఆ పదాన్ని చివరనే ఉంచుతుంది. కథల పుస్తకాల కంటే బోర్డుల మీదా, ఫారాల మీదా ఎక్కువగా ఇంగ్లీషు చదివిన తరానికి అదే సహజ స్థానంగా తోచడంలో వింత లేదు. ఆ మూడింటిలో మందు సీసా మీద రాతను ప్రతి తల్లీ తన పిల్లలకు నేర్పవలసి ఉంది. అది చూపుడు వేలు కాదు, గట్టి కంచె. పై పూతకు తప్ప మరి దేనికీ వాడరాదు, నోట్లోకి పోరాదు అని దాని భావం. దగ్గు మందు సీసా, నొప్పి తైలం సీసా ఒకే గూట్లో పెట్టుకునే ఇళ్లలో ఈ ఒక్క పదం ప్రాణాలు కాపాడుతుంది.

స్థానం మారితే అర్థం ఎంత మారుతుందో చూడడానికి మన నల్గొండ బత్తాయినే తీసుకుందాము. "ఫాతిమా సోల్డ్ స్వీట్ లైమ్స్ ఇన్ నల్గొండ" అనే వాక్యం. 'ఓన్లీ'ని ఫాతిమాకు ముందు పెట్టండి: ఫాతిమా మాత్రమే అమ్మింది, మరెవరూ అమ్మలేదు. 'స్వీట్ లైమ్స్'కు ముందు పెట్టండి: బత్తాయిలు మాత్రమే అమ్మింది, నిమ్మకాయలు అమ్మలేదు. 'ఇన్ నల్గొండ'కు ముందు పెట్టండి: నల్గొండలో మాత్రమే అమ్మింది, మిర్యాలగూడకు తీసుకుపోలేదు. 'సోల్డ్'కు ముందు పెడితే? అమ్మడం మాత్రమే చేసింది, పండించింది వేరెవరో అని ఒక అర్థం. అయితే ఇంగ్లీషువారు మాట్లాడేటప్పుడు చాలాసార్లు 'ఓన్లీ'ని క్రియకు ముందు ఉంచి, అసలు గురి పెట్టిన పదాన్ని గొంతుతో ఒత్తి పలుకుతారు. అప్పుడు "ఫాతిమా ఓన్లీ సోల్డ్ స్వీట్ లైమ్స్" అన్నా బత్తాయిలు మాత్రమే అన్న అర్థమే వస్తుంది. ఇది తప్పని కఠినంగా వాదించే వ్యాకరణవేత్తలు ఉన్నారు. 1926లో ఇంగ్లీషు వాడుకపై ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన ఫౌలర్ మాత్రం ఆ కాఠిన్యాన్ని తప్పుపట్టి, అర్థం స్పష్టంగా ఉన్నచోట సహజ స్థానాన్ని కదిలించనక్కర లేదన్నాడు. మా అభిప్రాయం ఇదీ: మాటలో ఫౌలర్ ఇచ్చిన వెసులుబాటు తీసుకోండి, రాతలో తీసుకోకండి. కాగితం మీద గొంతు వినిపించదు. పరీక్షలో, దరఖాస్తులో, ఒప్పందంలో ఏ పదం చుట్టూ కంచె వేయదలిచారో సరిగ్గా దాని ముందే 'ఓన్లీ'ని నిలపండి.

అరబ్బీ అభ్యసించే మన పిల్లలకు ఈ విషయం తేలికగా అర్థం కావాలి. అరబ్బీ అలంకార శాస్త్రంలో దీనికి 'ఖస్ర్' అనే పూర్తి అధ్యాయమే ఉంది. 'ఇన్నమా' అనే పదం వాక్యం మొదట్లో నిలబడి, గురిని మాత్రం వాక్యం చివర ఉన్న పదం మీద పెడుతుంది. సహీహ్ బుఖారీలోని మొట్టమొదటి హదీసు, కర్మలకూ ఉద్దేశానికీ గల సంబంధాన్ని తెలిపేది, ఈ పదంతోనే మొదలవుతుంది. దాని భారమంతా 'ఉద్దేశం' అన్న మాట మీద పడుతుంది. రెండవ పద్ధతి కలిమాలో ఉన్నది. మొదట 'లా' అని అన్నింటినీ తుడిచివేసి, ఆపైన 'ఇల్లా' అని ఒక్క అల్లాహ్‌ను మినహాయించడం. తెలుగులో మనం 'తప్ప' అనే మాటతో ఆ కంచెను నిర్మిస్తాము. మూడవది పదాల వరుస మార్చడం. ప్రతి నమాజులోనూ పఠించే ఫాతిహా సూరాలో ఆరాధన, సహాయాభ్యర్థన ప్రస్తావన వచ్చే చోట 'నిన్ను' అనే పదం క్రియకు ముందుకు వచ్చింది. ఆ చిన్న కదలిక వల్లనే తెలుగు అనువాదకులు 'నిన్నే' అని ఏకారం చేర్చవలసి వస్తుంది. ఆ ఏకారాన్ని తీసివేసి చదివి చూడండి, అనువాదం ఎంత చప్పబడుతుందో తెలుస్తుంది. హద్దు గీసే పదాలు చిన్నవే అయినా విశ్వాసపు మొదటి వాక్యమే వాటిమీద నిలబడి ఉంది.

ఇక ఈ పదాల పుట్టుక చూస్తే ముచ్చటగా ఉంటుంది. 'ఓన్లీ' పాత ఇంగ్లీషులో 'ఒకటి'కి 'వంటి' అనే ప్రత్యయం చేరగా ఏర్పడింది. మన 'ఒక్కటే' కూడా ఒకటి నుండే. అరబ్బీ 'వహ్‌దహూ' కూడా 'వాహిద్' ఉన్న ధాతువు నుండే. 'మాత్రమే'లోని మాత్ర సంస్కృతంలో కొలత. వైద్యుడిచ్చే మాత్ర కూడా కొలిచి ఇచ్చినదే. 'సిర్ఫ్' అరబ్బీలో ఏదీ కలపని స్వచ్ఛమైనది. 'కేవలం' కూడా కలగలుపు లేనిదే, ఒంటరిది. దక్కనీలో "ఖాలీ చాయ్ పియా" అన్నప్పటి 'ఖాలీ' మాత్రం శూన్యం. తెలంగాణ తెలుగులో "ఉత్త చాయ్ తాగిన" అంటే సరిగ్గా అదే రుచి. ఒక జాతి ఒకటితో, ఒకటి కొలతతో, ఒకటి స్వచ్ఛతతో, మనమేమో ఖాళీ గిన్నెతో ఈ భావాన్ని పట్టుకున్నాము.

'మాత్రం', 'మాత్రమే' అనే జంటను పిల్లలు తరచుగా కలిపేస్తారు. "నేను మాత్రమే వస్తాను" అంటే ఇంకెవరూ రారు. "నేను మాత్రం వస్తాను" అంటే ఇతరులు వచ్చినా రాకున్నా నా సంగతి ఇది. మొదటిదానికి 'ఓన్లీ' సరిపోతుంది. రెండవదానికి 'ఓన్లీ' పెడితే వాక్యం తలకిందులవుతుంది. "యాజ్ ఫర్ మీ" అనో, "ఐ, ఫర్ వన్" అనో అనాలి.

ఈ పదం డబ్బుతో కలిసినప్పుడు దాని విలువ మరింత పెరుగుతుంది. చెక్కు మీద "రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ" అని ఎందుకు రాస్తామో చాలా మంది పిల్లలకు తెలియదు, మర్యాద కోసమనుకుంటారు. "రూపాయలు ఐదు వేలు" అని రాసి వదిలితే దాని పక్కన ఉన్న ఖాళీలో మరొకరు "ఏడు వందలు" అని చేర్చగలరు. 'మాత్రమే' అన్న పదం ఆ ఖాళీకి వేసిన తాళం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం అంకెలలోని మొత్తానికీ అక్షరాలలోని మొత్తానికీ తేడా వస్తే అక్షరాలలో ఉన్నదే చెల్లుతుంది. కనుక ఆ తాళం అక్షరాలకే వేయాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 1948 వరకు నిజాం పాలనలో ఉన్నాయి. ఆ పాలన చివరి దశాబ్దాలలో ప్రభుత్వ వ్యవహారం ప్రధానంగా ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరుగుతూ, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. పాత ఇళ్లలో పెట్టె అడుగున ఉర్దూ దస్తావేజులు దొరికితే మొత్తం తర్వాత 'ఫఖత్' అన్న పదం ఉందేమో చూడండి. 'ఓన్లీ'కి అన్నగారు అది. ఉర్దూ దస్తావేజు రాసేవారు అక్కడితో ఆగేవారు కారు. "ఐదు వేల రూపాయలు, వీటిలో సగం రెండు వేల ఐదు వందలు" అని సగాన్ని కూడా రాసే సంప్రదాయం ఉండేది. మోసగాడు ఒక అంకె దిద్దితే రెండవది పట్టిస్తుంది. పాత ఉర్దూ ఉత్తరాల చివర కూడా 'ఫఖత్' కనిపిస్తుంది, తెలుగు ఉత్తరాలలో 'ఇంతే సంగతులు' అన్నట్లుగా. దీని తర్వాత ఎవరైనా ఏదైనా చేర్చితే అది నా మాట కాదు అని దాని అర్థం.

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని అల్‌బఖరా సూరా 282వ వాక్యం ఆదేశిస్తుంది. అప్పు తీసుకున్నవాడు చెప్పి రాయించాలని, అందులో ఏదీ తగ్గించరాదని కూడా అందులో ఉంది. తగ్గించకుండా ఉండడానికి దైవభీతి కావాలి, పెరగకుండా ఉండడానికి 'మాత్రమే' కావాలి. నికాహ్ సమయంలో సియాహానామాలో మహర్ మొత్తం రాసేటప్పుడు చాలా కుటుంబాలు ఈ జాగ్రత్త తీసుకోవు. విందు హడావుడిలో అంకె ఒకటి వేసి సంతకాలు చేసేస్తారు. మహర్ వధువు హక్కు. దాన్ని అంకెలలోనూ, అక్షరాలలోనూ రాసి, చివర 'మాత్రమే' అనో 'ఫఖత్' అనో 'ఓన్లీ' అనో, ఏ భాషలో రాస్తే ఆ భాషలో, ముగించమని వధువు తండ్రి గానీ అన్న గానీ అడగాలి. మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. వెంటనే చెల్లించే మహర్‌నూ, తర్వాత చెల్లించే మహర్‌నూ తెలిపే రెండు అరబ్బీ పదాలు మన నోట ఒకేలా 'ముఅజ్జల్' అని పలుకుతాయి. అరబ్బీ లిపిలో ఒకటి 'ఐన్'తో, మరొకటి 'హమ్జా'తో రాస్తారు. తెలుగులో రాసినప్పుడు ఆ తేడా పూర్తిగా మాయమవుతుంది. కాబట్టి 'వెంటనే చెల్లించినది', 'తర్వాత చెల్లించవలసినది' అని తేట తెలుగులో విడమర్చి రాయించుకోవడం మేలు.

'ఓన్లీ'కి మరొక స్వభావం ఉంది. అది మనుషుల మీద పడినప్పుడు వారిని చిన్నవారిని చేస్తుంది. "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే "ఐ యామ్ ఓన్లీ ఎ హౌస్‌వైఫ్" అనే సోదరీమణులు ఎందరో. తెలుగులో "ఊకె ఇంట్లనే ఉంటా" అంటారు. ఆ 'ఊకె'లో తెల్లవారుఝాము వంట, పిల్లల చదువు, అత్తగారి మందులు, నీళ్లు పట్టడం అన్నీ మాయమైపోతాయి. ఈ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు, 'ఓన్లీ' సరైన స్థానంలోనే ఉంది. అయినా మేము దీన్ని దిద్దమనే చెబుతాము. 'ఓన్లీ'ని తీసివేస్తే మిగిలే వాక్యం పూర్తి వాక్యమే, పూర్తి నిజం కూడా.

మన 'ఏ' కూడా ఇందులో తక్కువ తిన్నది కాదు. ప్రసూతి గది బయట నిలబడినవారు "ఆడపిల్లేనా?" అంటారు. 'ఆడపిల్లా?' అని అడిగితే అది సమాచారం కోసం. మధ్యలో ఏకారం దూరగానే అది నిట్టూర్పు అయిపోతుంది. కుమార్తె పుట్టిందన్న వార్త విని ముఖం నల్లబడే మనిషిని అన్నహ్ల్ సూరా 58వ వాక్యం చిత్రించింది. ఆ నల్లదనాన్ని మన భాషలో మోసేది ఈ ఒక్క అచ్చు. లోపల మంచం మీద ఉన్న తల్లికి ఆ మాట వినిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

మిగిలిన వాడుకలను క్లుప్తంగా చెబుతాము. 'ఓన్లీ చైల్డ్' అన్నప్పుడు అది విశేషణం, ఒక్కగానొక్క సంతానం అని అర్థం. "ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హావ్ నో టైమ్" అన్నప్పుడు అది 'కాని' అనే పని చేస్తుంది. "వి ర్యాన్ టు ది స్టేషన్ ఓన్లీ టు ఫైండ్ ది ట్రెయిన్ గాన్" అంటే పరుగెత్తి వెళితే తీరా రైలు వెళ్ళిపోయి ఉంది అని. మన 'తీరా' దీనికి ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. 'ఓన్లీ టూ హ్యాపీ' అంటే సంతోషం తక్కువని కాదు, ఎంతో సంతోషమని. వాక్యం 'ఓన్లీ దెన్' అని మొదలైతే తర్వాత 'డిడ్ ఐ' అని క్రమం తిరగబడుతుంది. పదవ తరగతి పిల్లలు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

'ఓన్లీ ఇఫ్', 'ఇఫ్ ఓన్లీ' అనే రెండింటి మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. మొదటిది షరతు. "టేక్ దిస్ ఓన్లీ ఇఫ్ దేర్ ఈజ్ ఫీవర్" అని చీటీ మీద ఉంటే జ్వరం లేకపోతే ఆ మాత్ర వేసుకోరాదు. రెండవది పశ్చాత్తాపం. "ఇఫ్ ఓన్లీ ఐ హాడ్ గాన్" అంటే "నేను వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది" అని. నష్టం జరిగిన తర్వాత 'అలా చేసి ఉంటే' అని కుమిలిపోవద్దని, ఆ 'ఉంటే' షైతాన్ పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఇంగ్లీషులో ఆ తలుపు పేరు 'ఇఫ్ ఓన్లీ'.

దేవరకొండ సోదరికి మేము చెప్పేది ఇది. అమ్మాయి చేత ఇంగ్లీషు మాన్పించకండి, తెలుగూ దక్కనీ అసలే మాన్పించకండి. మన జిల్లాలలో 2016 నుండి మైనారిటీ గురుకులాలలో చదువు ఇంగ్లీషు మాధ్యమంలో జరుగుతోంది. 2022-23 విద్యా సంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఇక ముందు ఈ 'ఓన్లీ' ప్రతి ఇంటి గడపా తొక్కుతుంది. ఏ వాక్యంలోనైనా 'ఓన్లీ' నాలుక మీదికి రాగానే ఒక్క క్షణం ఆగి, దాని స్థానంలో 'మాత్రమే' పెట్టి చూడమనండి. 'ఇక్కడ మాత్రమే ఉన్నాను' అంటే తన ఉద్దేశం అది కాదని ఆమెకే తెలిసిపోతుంది. అప్పుడు 'ఓన్లీ'ని వదిలేసి, ఊరి పేరును గట్టిగా పలకాలి. 'నీళ్లు మాత్రమే తాగాను' సరిపోతే 'ఓన్లీ'ని నిస్సందేహంగా వాడవచ్చు. ఇంట్లో, స్నేహితుల మధ్య, "హియర్ ఓన్లీ" అంటే ఏమీ కొంప మునగదు. వినేవారికి అర్థమైనంత కాలం అదీ ఒక భాషే. ఉద్యోగం అడిగే చోటా, సంతకం పెట్టే చోటా ఈ పరీక్ష చేసుకుంటే చాలు.

పిల్లల కోసం మూడు వాక్యాలు ఇస్తున్నాము. వీటిని ఇంగ్లీషులో రాసి, ఎక్కడ 'ఓన్లీ' అవసరమో, ఎక్కడ అవసరం లేదో తెలుపుతూ మాకు పంపండి. మొదటిది: 'నిన్ననే సూర్యాపేట నుండి వచ్చాము.' రెండవది: 'ఈ మందు పెద్దవారికి మాత్రమే.' మూడవది: 'అందరూ వెళ్ళారు, అన్నయ్య మాత్రం ఊళ్లోనే ఉన్నాడు.' మూడవదానిలో 'మాత్రం', ఏకారం రెండూ ఉన్నాయి, తొందరపడవద్దు. పెద్దల సహాయం తీసుకోవచ్చు. సరైన జవాబులు వచ్చే సంచికలో.